పాత జీపు ఇంజిన్ ఏ కాలందో కనిపెట్టడం ఎలా: పోత నంబర్లు, గుద్దిన నంబర్లు చదివే పద్ధతి

దేవరకొండ దగ్గర ఒక రైతు దొడ్లో, బర్రెల కొట్టం వెనక టార్పాలిన్ కప్పి ఉన్న జీపును చూడ్డానికి పోయాం. "గిది మిలిటరీ జీపు సార్, ఒరిజినల్ విల్లీస్. యుద్ధంల తిరిగింది" అన్నాడాయన. విల్లీస్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి జీపులు కట్టిన కంపెనీ. డాష్‌బోర్డు మీద రేకు ప్లేటు కూడా ఉంది, దాని మీద 1944 అని ఉంది. నాతో వచ్చిన ఉస్తాద్ బానెట్ ఎత్తి, రెండు క్షణాలు చూసి, దించేశాడు. బయటికి వచ్చాక నా చెవిలో అన్నాడు: "యుద్ధంల తిరిగింది ఆ ప్లేటు సార్. ఇంజిన్ కాదు."

ఆయన ఒక్క నంబరు కూడా చదవలేదు. ఇంజిన్ నెత్తి చూశాడంతే. దాని సంగతి కిందికి వస్తుంది. ముందుగా మీరు గుర్తుపెట్టుకోవాల్సింది: ప్లేటు నాలుగు రివిట్లతో నిలబడుతుంది, నాలుగు రివిట్లు ఊడదీస్తే ఇంకో బండికి పోతుంది. ఇంజిన్ వయసు ఇనుములోనే వెతకాలి.

పోత వేరు, గుద్దుడు వేరు

బ్లాకు అంటే సిలిండర్లుండే ఇనుప దిమ్మ. దాని మీద రెండు రకాల అంకెలుంటాయి. పైకి ఉబ్బి ఉన్నవి పోతవి. ఇసుక అచ్చు తయారుచేసే నమూనా మీదే ఆ అంకెలు ఉంటాయి కాబట్టి, కరిగిన ఇనుము పోసినప్పుడే బ్లాకుతో పాటు పుడతాయి. ఒకే నమూనా నుంచి వచ్చిన వేల బ్లాకుల మీద ఒకటే నంబరు ఉంటుంది. లోపలికి దిగి ఉన్నవి గుద్దినవి. బ్లాకును మిషన్ మీద చదును చేసి, ఇంజిన్ కట్టాక, ఆ చదునైన చోట ఉక్కు పంచు పెట్టి సుత్తితో కొట్టినవి. ఇది ఇంజిన్ ఇంజిన్‌కూ మారుతుంది.

ఆర్సీలో ఉండేది రెండోది. ఈ ఒక్క తేడా తెలియక, ఆర్సీ చేతిలో పట్టుకుని బ్లాకు పక్కనున్న పెద్ద ఉబ్బెత్తు నంబరుతో పోల్చి, "కలుస్తలేదు" అని మంచి బండి వదులుకున్నవాళ్లను చూశాను. దీనికి తలకిందులు కూడా జరుగుతుంది: గుద్దిన నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం కలిసింది కాబట్టి ఇంజిన్ అసలుదే అనుకుంటారు. పంచుల సెట్టు హార్డ్‌వేర్ దుకాణంలో ఎవరైనా కొనొచ్చు. పోత నంబరును మాత్రం దుకాణంలో కొని అతికించలేరు.

కడగడం, చూడడం

ముందు మీరు చేయకూడనిది చెబుతాను, ఎందుకంటే నేను చేశాను. మొదటిసారి ఒక పాత ఇంజిన్ దొరికిన సంబరంలో డ్రిల్లు మిషన్‌కు ఇనుప తీగల బ్రష్ తగిలించి నంబరున్న చోట రుద్దాను. జిడ్డు పోయింది, తుప్పు పోయింది, దాంతో పాటు చివరి రెండు అంకెల్లో సగం పోయింది. ఇప్పటికీ అది మూడో ఎనిమిదో చెప్పలేను. గ్రైండర్, ఉలి, గరుకు ఎమరీ కాగితం ఏవీ దగ్గరికి రానివ్వకండి.

కిరోసిన్ గానీ డీజిల్ గానీ గుడ్డకు పట్టించి, ఆ చోట కప్పి గంటసేపు వదిలేయండి. మట్టి, గ్రీజు కలిసి గట్టిపడ్డ పెంకు మెత్తబడుతుంది. తర్వాత పాత పళ్ల బ్రష్‌తో రుద్దండి, దానికీ పోకపోతే ఇత్తడి తీగల బ్రష్‌తో. పెయింటు ఉంటే థిన్నర్. పొడి గుడ్డతో తుడిచాక సుద్దముక్క అడ్డంగా పెట్టి రాయండి. ఉబ్బెత్తు అంకెలైతే వాటి నెత్తిన తెల్లగా అంటుకుంటుంది. గుద్దినవైతే సుద్దపొడి వేలితో పూసి, పైపైన తుడిస్తే గుంటల్లో మిగిలిపోతుంది.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది టార్చి. ఎదురుగా వేస్తే ఏమీ కనిపించదు. పొద్దుగూకాక, టార్చిని బ్లాకుకు దాదాపు ఆనించి పక్క నుంచి ఏటవాలుగా వేయండి. పగలు చదునుగా కనిపించిన చోట అంకెల నీడలు లేస్తాయి. మా వైపు ఎండాకాలం మధ్యాహ్నం ఎలాగూ బ్లాకు మీద చెయ్యి ఆనదు, రాత్రి పనే మంచిది. చెయ్యి పోతుంది గానీ తల పోని చోట అద్దం వాడకండి, అంకెలు తిరగబడి కనిపిస్తాయి. ఫోను లోపలికి పెట్టి ఫొటో తీయండి.

చదివాక, కాగితం ఆనించి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకోండి, ఆర్టీఏ ఆఫీసు పనులకు ఛాసిస్ నంబరు తీస్తారు చూడండి, అలాగే. ఫొటోలో 3, 8 ఒకేలా ఉంటాయి, 1, 7 కలిసిపోతాయి, బీ అక్షరం 8 లాగా మోసం చేస్తుంది. పెన్సిల్ అచ్చులో ఆ గీత నిజంగా ఉందో లేదో తేలుతుంది. అనుమానం ఉన్న అంకెను ఊహించి రాసుకోకండి, ఆ చోట ప్రశ్నార్థకం పెట్టండి.

ఏది కుడి?

ఇది చిన్న విషయం, కానీ ఇక్కడే సగం మంది తప్పిపోతారు. ఇంజిన్ కుడి, ఎడమ అంటే డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూసినప్పటి కుడి, ఎడమ. మీరు గ్రిల్లు ముందు నిలబడి బానెట్ ఎత్తి చూస్తే అంతా తలకిందులే. పైగా అమెరికా పుస్తకాల్లో "డ్రైవరు వైపు" అంటే ఎడమ. మన దగ్గర డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కాబట్టి డ్రైవరు వైపు, ప్యాసింజరు వైపు అన్న మాటలు పక్కన పెట్టి కుడి, ఎడమ అనే రాసుకోండి.

విల్లీస్ జీపు: ముందు నెత్తి, తర్వాత నంబరు

ఇప్పుడు ఉస్తాద్ చూసిందేమిటో చెబుతాను. యుద్ధకాలపు జీపులో ఉన్నది ఎల్ హెడ్ ఇంజిన్: నాలుగు సిలిండర్లు, 134 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 2,200 సీసీ, 60 హార్స్‌పవర్. దీని వాల్వులన్నీ బ్లాకులోనే పక్కన ఉంటాయి. అందుకే బ్లాకు మీద మూతలా కూర్చునే హెడ్డు రొట్టె పెంకులా చదునుగా, పైన స్పార్క్ ప్లగ్గులతో కనిపిస్తుంది. తర్వాత వచ్చింది ఎఫ్ హెడ్. అదే బోరు (సిలిండర్ రంధ్రం వెడల్పు), అదే స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం), కానీ గాలి పీల్చే వాల్వులు హెడ్డులోకి ఎక్కాయి, పొగ వదిలేవి బ్లాకులోనే ఉండిపోయాయి. దాంతో హెడ్డు నెత్తిన, వాల్వులను నొక్కే రాకర్ల మీద రేకు కవరు వచ్చింది, ఇంజిన్ ఎత్తు పెరిగింది. 1953లో విల్లీస్ ఈ ఇంజిన్‌ను చిన్న జీపులో పెట్టడానికి బానెట్‌నే పైకి లేపాల్సి వచ్చింది. మన ఊళ్లలో తిరిగిన మహీంద్రా ఎత్తు బానెట్ జీపు ఆ వంశమే.

రేకు కవరు కనిపించిందంటే ఆ ఇంజిన్ 1944 నాటిది కానే కాదు. ఇక నంబరు చూడక్కర్లేదు. దేవరకొండ జీపు కథ అంతే.

నెత్తి చదునుగా ఉంటే అప్పుడు అసలు పని మొదలవుతుంది. గుద్దిన నంబరు బ్లాకు కుడివైపు ముందు పైమూల, నీళ్ల పంపు వెనకాల ఉన్న చిన్న చదును మీద ఉంటుంది. నంబరుకు ముందున్న అక్షరాలు చూడండి:

ఎంబీ అని ఉంటే విల్లీస్ కట్టిన యుద్ధకాలపు ఇంజిన్. జీపీడబ్ల్యూ అని ఉంటే అదే జీపును ఫోర్డ్ కట్టింది. ఒక్క జే ఉంటే యుద్ధం అయిపోయాక వచ్చిన మొదటి సివిల్ జీపు, సీజే 2ఏ. 3జే ఉంటే దాని తర్వాతి 3ఏ. 4జే ఉంటే ఎత్తు బానెట్ 3బీ, అంటే ఎఫ్ హెడ్. చదునైన నెత్తి ఉన్న ఇంజిన్ మీద 4జే కనిపించినా, రేకు కవరు ఉన్నదాని మీద ఎంబీ కనిపించినా ఎవరో పంచు పట్టుకున్నారన్నమాట.

ఇక పోత నంబరు. బ్లాకు కుడిపక్కన, ఆయిల్ పోసే గొట్టం వెనకాల చూడండి. 638632 అని ఉబ్బెత్తుగా ఉంటే మీ గుండె కాస్త వేగంగా కొట్టుకోవచ్చు, ఎందుకంటే యుద్ధకాలపు విల్లీస్ బ్లాకు పోత అదే. కానీ అక్కడే ఆగకండి. యుద్ధం ముగిసిన మర్నాడే అచ్చులు మార్చెయ్యలేదు కదా, మొదటి సివిల్ జీపులకు కూడా అదే బ్లాకు వాడారు. తర్వాత వచ్చిన పోత 641087. కాబట్టి 641087 ఉంటే యుద్ధకాలపు ఇంజిన్ కాదని గట్టిగా చెప్పొచ్చు. 638632 ఉంటే మాత్రం యుద్ధకాలపుది కావచ్చు, కాకపోవచ్చు, గుద్దిన అక్షరాలతో కలిపి చూడాలి. ఇంజిన్ విప్పి ఉంటే ఇంకో ఆధారం దొరుకుతుంది: యుద్ధకాలపు ఇంజిన్‌లో టైమింగ్‌కు, అంటే వాల్వులను వేళకు తెరిపించడానికి, చెయిన్ ఉంటుంది. మొదటి సివిల్ జీపుల్లో కొన్నిటికీ చెయినే, ఆ తర్వాతివాటిలో గేర్లు.

నంబరు చివర ఒంటరిగా ఏ, బీ, సీ, డీ, ఈ అక్షరాల్లో ఏదైనా ఉంటే అది నంబరులో భాగం కాదు. ఫ్యాక్టరీలోనే కొలత కొంచెం తేడాగా ఉన్న భాగాలు వేసిన గుర్తు. ఏ అంటే మెయిన్, కనెక్టింగ్ రాడ్ బేరింగులు రెండూ అంగుళంలో వెయ్యింట పది వంతులు అండర్‌సైజు. బీ అంటే పిస్టన్లు అంతే ఓవర్‌సైజు. ఏబీ అంటే రెండూ. సీ అంటే పిస్టన్ పిన్నులు వెయ్యింట రెండు వంతులు ఓవర్‌సైజు. డీ అంటే మెయిన్ బేరింగులు మాత్రమే, ఈ అంటే రాడ్ బేరింగులు మాత్రమే. ఈ అక్షరాన్ని నంబరుతో కలిపి టైపు చేసిన ఆర్సీ ఒకటి చూశాను, అసలే వదిలేసింది ఒకటి చూశాను. అంతమాత్రానికి నంబరు కలవలేదని కంగారుపడకండి. బేరింగులు తెప్పించే ముందు మాత్రం ఆ అక్షరం తప్పకుండా చూడండి.

ఇంకొక అపోహ. "ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఒకటే ఉంటేనే ఒరిజినల్" అని జీపుల బేరాల్లో గట్టిగా వినిపిస్తుంది. ఫోర్డ్ జీపు విషయంలో ఇది నిజం, రెండిటి మీదా ఒకే నంబరు గుద్దేవారు. విల్లీస్ జీపులో ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే రెండూ వేర్వేరు. ఎంబీ ఇంజిన్ నంబరు ఛాసిస్‌తో అచ్చం కలిసిందంటే నేనైతే సంతోషపడను, అనుమానిస్తాను.

అంబాసిడర్, పద్మిని: కొలిచి తేల్చడం

ఇవి మన దగ్గరే తయారైనవి. హెడ్డు విప్పి ఉన్నప్పుడు బోరు, స్ట్రోకు కొలిస్తే చాలావరకు తేలిపోతుంది. లేత్ షాపుకు ఎలాగూ తీసుకుపోతారు, అక్కడ వెర్నియర్ (సన్న కొలతలు తీసే స్కేలు) అడగండి. పిస్టన్ పూర్తిగా పైనున్నప్పటి లోతుకూ పూర్తిగా కిందున్నప్పటి లోతుకూ తేడాయే స్ట్రోకు.

అంబాసిడర్‌లో తొలి బండ్లది 1,476 సీసీ సైడ్ వాల్వు ఇంజిన్, బోరు 73.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 87. ఆ వెంటనే వచ్చి దశాబ్దాలు నడిచింది బ్రిటిష్ కంపెనీ బీఎంసీ 1,489 సీసీ ఇంజిన్, బోరు 73.025, స్ట్రోకు 88.9. తర్వాత ఇసుజు పెట్రోలు ఇంజిన్ 1,817 సీసీ: 84, 82. ఇసుజు డీజిల్ 1,995 సీసీ: 84, 90. ఫియట్ 1100 నుంచి పద్మిని దాకా 1,089 సీసీ: బోరు 68, స్ట్రోకు 75.

లెక్క ఇలా కట్టండి. సెంటీమీటర్లలో బోరును బోరుతోనే గుణించి, 0.7854తో, స్ట్రోకుతో, సిలిండర్ల సంఖ్యతో గుణించాలి. పద్మినికి 6.8 × 6.8 × 0.7854 × 7.5 × 4 అంటే 1,089.

ఇందులో ఒక తిరకాసు ఉంది. యాభై ఏళ్ల ఇంజిన్‌కు బోరింగ్ (అరిగిన సిలిండర్‌ను కోసి పెద్దది చేయడం) చేయించకుండా ఉంటారా? లేత్‌వాళ్లు 20 సైజు, 30 సైజు, 40 సైజు అనేవి అంగుళంలో వెయ్యో వంతులు. 40 సైజు పిస్టన్ వేసిన అంబాసిడర్ బోరు 74.04 మిల్లీమీటర్లు అవుతుంది, సీసీ 1,531 వస్తుంది. ఏ పుస్తకంలోనూ లేని లెక్క చూసి ఇదేదో వేరే ఇంజిన్ అనుకుంటారు. పిస్టన్ నెత్తి మీది మసి తుడిచి చూడండి, 040 అని గుద్ది ఉంటుంది. బోరు అరుగుతుంది, పెరుగుతుంది. స్ట్రోకు క్రాంక్ షాఫ్ట్‌ది, అది మారదు. అందుకే రెండు కొలతలు గొడవపడితే స్ట్రోకు మాట వినండి.

డీజిల్ ఎక్కించిన జీపులు

కల్వకుర్తి, అచ్చంపేట, మన్ననూరు వైపు సవారీలు కొట్టిన జీపుల్లో పెట్రోలు ఇంజిన్‌తోనే మిగిలినవి తక్కువే. పెట్రోలు భరించలేక డీజిల్ ఎక్కించారు. వీటి పేర్లలో అంకెలు చూసి మోసపోకండి. ప్యూజో డిజైన్‌తో మహీంద్రా జీపుల్లో వచ్చిన ఎక్స్‌డీపీ 4.90లో 4 అంటే సిలిండర్లు, 90 అంటే బోరు మిల్లీమీటర్లలో. స్ట్రోకు 83, మొత్తం 2,112 సీసీ. పెర్కిన్స్ 4.99లో కూడా 4 సిలిండర్లే, కానీ 99 అంటే క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 1,620 సీసీ. అంకె పెద్దది, ఇంజిన్ చిన్నది. ఫోన్‌లో "నాలుగు తొంబై" అని విని బయల్దేరేముందు ఏ కంపెనీదో అడగండి.

పోత తేదీ

కొన్ని అమెరికన్ బ్లాకుల మీద పోత నంబరుతో పాటు పోసిన తేదీ కూడా ఉబ్బెత్తుగా ఉంటుంది. షెవర్లే తీరు చూడండి: ముందు నెలకు ఒక ఇంగ్లిష్ అక్షరం, ఏ అంటే జనవరి నుంచి ఎల్ అంటే డిసెంబరు దాకా, తర్వాత రోజు, చివర ఏడాది ఆఖరి అంకె. "డీ 12 8" అంటే ఏప్రిల్ 12, 8తో ముగిసే ఏడాది. 1938? 1948? రెండూ కావచ్చు, ఎందుకంటే 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్ 1937 నుంచి 1953 దాకా నడిచింది. దశాబ్దం తేల్చడానికి పోత నంబరు, బండి వివరాలు కావాలి. 1928 నుంచి 1954 దాకా జనరల్ మోటార్స్ బొంబాయి శివ్డీలో బండ్లు బిగించింది కాబట్టి ఇలాంటివి పాత గడీల షెడ్లలో ఎదురుపడితే ఆశ్చర్యపోకండి.

పోత తేదీ ఎప్పుడూ బండి తయారైన తేదీకి ముందే ఉండాలి. బండి 1947ది, బ్లాకు పోసింది 1948లో అయితే ఇంజిన్ మారిందన్నట్టే.

పాత ఫోర్డ్ వీ8 దొరికితే బ్లాకంతా గోకి నంబరు లేదని విసుక్కోకండి. 1932 నుంచి 1948 దాకా వాళ్లు నంబరు గుద్దింది క్లచ్ హౌసింగ్ మీద, ఛాసిస్ మీద. బ్లాకు మీద కాదు.

ఎవరో చెయ్యి పెట్టారా?

గుద్దిన చోటును వేలిగోరుతో తడమండి. చుట్టూ ఉన్న ఇనుము కంటే ఆ చదును లోతుగా ఉన్నా, అక్కడ మాత్రమే మెరుస్తున్నా, ఆకురాయి గీతలు అడ్డదిడ్డంగా ఉన్నా ఆలోచించండి. ఫ్యాక్టరీ చదునుకు ఒకే దిక్కులో సన్నటి మిషను గీతలుంటాయి. గుద్దిన అంకెల అడుగున కూడా పాత తుప్పు ఉండాలి. అంకెలు వంకరగా ఉండడం ఒక్కటే తప్పు కాదు, చేత్తో కొట్టినవి అప్పుడూ కాస్త వంకరే. ఒకే నంబరులో రెండు 4లు రెండు రకాలుగా ఉంటే మాత్రం రెండు పంచు సెట్లు వాడారని అర్థం. అలాంటి బండిని తక్కువకు వస్తోందని తీసుకోవద్దు. దొంగబండి అయితే మీరు స్టేషన్ చుట్టూ తిరగాలి.

ఇంజిన్ మార్చడం నేరం కాదు. మార్చిన ఇంజిన్ బిల్లు ఉండి, ఆర్టీఏ ఆఫీసులో ఆర్సీలో ఎక్కించి ఉంటే సరిపోతుంది. వేలంలో కొన్న ప్రభుత్వ జీపుల విషయంలో ఆ వేలం కాగితం కూడా అడిగి తీసుకోండి. ఆర్సీ మీది తేదీని చూసి ఇంజిన్ వయసు లెక్కగట్టకండి. వేలం తర్వాత ఏళ్లకు ఏపీ 24, ఏపీ 22 నంబర్లు వేయించుకున్న పాత బండ్లు ఉన్నాయి.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత తిరిగి చేయించడానికి 5,000. రోజూ తిప్పడానికి, కిరాయికి కుదరదు. డీజిల్ ఎక్కించిన జీపును పట్టుకుని అక్కడికి పోయే ముందు "అసలు రూపం" అన్న మాటను రెండుసార్లు చదువుకోండి.

ఆఖరి పని

చదవడం అయ్యాక ఆ చోటును అలాగే వదిలేసి పోకండి. జిడ్డు కడిగేసిన ఇనుము ఒక్క వానాకాలానికి తుప్పెక్కుతుంది, మీరు అంత కష్టపడి చదివిన అంకెలను అది తినేస్తుంది. సుద్దపొడి తుడిచి, వేలితో పలచగా గ్రీజు రాయండి. పెయింటు వేసే కుర్రాడు ఉంటే ముందే చెప్పి, ఆ చదును మీద టేపు అంటించండి. దేవరకొండ జీపును నేను కొనలేదు గానీ, వచ్చేముందు ఉస్తాద్ మళ్లీ బానెట్ ఎత్తి, నంబరున్న చోట జేబులోంచి గ్రీజు డబ్బా తీసి రాసొచ్చాడు.